జీతంలో కోసుకున్న పన్నును మళ్ళీ కట్టమంటే ఎవరితో చెప్పుకోవాలి?

సంపాదకులు గారికి,

నమస్కారాలు. పన్ను ఎగవేసినవారి ఇళ్ళలో సోదాలు, కోట్ల రూపాయల బకాయిలు పత్రికల్లో పతాక శీర్షికలవుతాయి. అవి రావలసినవే. కానీ జీతం చేతికి అందకముందే పన్ను పూర్తిగా చెల్లించి, చెల్లించలేదన్న ముద్రతో ఏళ్ళ తరబడి బకాయిదారుల పట్టికలో ఉండిపోయే చిన్న ఉద్యోగుల సంగతి, పింఛనుదారుల సంగతి పెద్దగా బయటికి రాదు. వారిలో ఒకరిగా ఈ లేఖ రాస్తున్నాను. నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో 33 ఏళ్ళు గణితం బోధించి 2017లో పదవీ విరమణ చేశాను. నాకు జరిగింది చెప్పేటప్పుడు ఏ కార్యాలయం పేరూ, ఏ అధికారి పేరూ రాయడం లేదు. ఒకరిద్దరు మనుషులు మారితే తీరే సమస్య కాదు కనుక పేర్లతో పని లేదు.

2012-13 ఆర్థిక సంవత్సరంలో నాకు పడిన ఆదాయపు పన్ను రూ.41,860. ప్రభుత్వోపాధ్యాయులకు ఏడాది పొడుగునా కొంత కొంత కోసినా, మిగిలినదంతా ఫిబ్రవరి జీతం బిల్లుతో తేల్చేయడం ఆనవాయితీ. ఆ ప్రకారం మొదటి మూడు త్రైమాసికాల్లో రూ.26,480, చివరి త్రైమాసికంలో రూ.15,380 నా జీతం నుంచి మినహాయించారు. జీతంలో కోసిన పన్నుకు ఆధారంగా ఉద్యోగికి ఇచ్చే ఫారం-16లో రెండూ ఉన్నాయి. పే బిల్లులో ఉన్నాయి. ట్రెజరీలో బిల్లు పాసైన వోచరు నంబరు, తేదీ ఉన్నాయి. అయితే చివరి త్రైమాసికపు టీడీఎస్ (చేతికి అందకముందే మినహాయించే పన్ను) వివరాలను పాఠశాల తరఫున కంప్యూటర్లోకి ఎక్కించినవారు నా పాన్‌లోని ఒక అక్షరాన్ని ‘ఎం’కు బదులు ‘ఎన్’ అని కొట్టారు. దానితో ఆ రూ.15,380 ప్రభుత్వ ఖజానాకు చేరింది గానీ నా ఖాతాకు చేరలేదు. నా పాన్‌కు జమైన పన్నులన్నీ చూపే 26ఏఎస్ పట్టికలో నాలుగో త్రైమాసికం గడి ఖాళీగా ఉండిపోయింది.

2014 ఫిబ్రవరిలో నాకు ఇంటిమేషన్, అంటే నా రిటర్నును సరిచూసి ఆదాయపు పన్ను శాఖ పంపే నోటీసు, వచ్చింది. పన్ను బకాయి రూ.15,380, దానిపై వడ్డీలు రూ.2,250, మొత్తం రూ.17,630 ముప్ఫై రోజుల్లో కట్టాలని దాని సారాంశం. లెక్కల టీచరును కాబట్టి ఆ వడ్డీ ఎలా వచ్చిందో కూర్చుని లెక్కగట్టాను. నెలకు ఒక శాతం చొప్పున పదకొండు నెలలకు రూ.1,683, ముందస్తు పన్ను వాయిదాలు కట్టనందుకు రూ.567. గణితం తప్పు లేదు. ఎక్కం సరిగ్గా ఉంది. మొదటి అంకె తప్పు.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. మొదటి తప్పు పన్ను అధికారులది కాదు. టైపు చేసినవారిది. అక్షరం తారుమారు కావడం ఎక్కడైనా జరుగుతుంది, దానికి ఎవరినీ నిందించను. నా ఫిర్యాదంతా రెండో తప్పు గురించి. తప్పు జరిగిందని రుజువులతో చూపించిన తరువాత కూడా దాన్ని దిద్దకపోవడం, దిద్దకపోగా దాని మీద వడ్డీ వేయడం, ఆపైన నాకు రావలసిన వేరే సొమ్మును దానికి జమకట్టుకోవడం, ఇవి అధికారుల తప్పులు. ఇవి అక్షరదోషాలు కావు.

ఇంటిమేషన్ అందగానే ఆన్‌లైన్‌లో రెక్టిఫికేషన్ (తప్పు దిద్దమనే దరఖాస్తు) పెట్టాను. కొన్ని వారాలకు సవరణ ఉత్తర్వు వచ్చింది, అంకెలు మాత్రం అవే. మళ్ళీ పెట్టాను. మళ్ళీ అవే. యంత్రం ప్రతిసారీ 26ఏఎస్‌నే చూస్తుంది, అందులో గడి ఖాళీగా ఉంటుంది, కాబట్టి ప్రతిసారీ అదే సమాధానం చెబుతుంది. నా ఫారం-16ను చూసే కన్ను ఆ ప్రక్రియలో ఎక్కడా లేదు. చివరికి 2014 ఆగస్టులో ఫారం-16, పే బిల్లు నకలు, ట్రెజరీ వోచరు వివరాలు జతచేసి చేతిరాత దరఖాస్తుతో మా పరిధిలోని అధికారి కార్యాలయానికి వెళ్ళాను. సంబంధిత గుమస్తా కాగితాలు తీసుకుని బల్ల మీద పెట్టి ‘చూస్తాం, వెళ్ళిరండమ్మా’ అన్నారు. నా వెంట వచ్చిన మా వారు, రెవెన్యూ శాఖలో పనిచేసిన మనిషి, నకలు మీద ఇన్‌వర్డ్ ముద్ర, అంటే కాగితం అందినట్టు గుర్తు, వేసేదాకా అక్కడి నుంచి కదలలేదు. ఊదా రంగు సిరాతో గుండ్రని ముద్ర, మధ్యలో తేదీ, కింద పొట్టి సంతకం. ఆ రోజు నాకది అనవసరపు పట్టుదల అనిపించింది. ఏడేళ్ళ తరువాత నా కేసును నిలబెట్టింది ఆ ముద్రే.

ఎందుకంటే ఇటువంటి సవరణలకు 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 154వ సెక్షన్ కాలపరిమితి పెట్టింది. ఉత్తర్వు వెలువడిన ఆర్థిక సంవత్సరం ముగిసిన నాటినుంచి నాలుగేళ్ళు. నా విషయంలో అది 2018 మార్చి 31తో ముగిసింది. గడువులోగా దరఖాస్తు ఇచ్చినట్టు ఆధారం ఉంటే, గడువు దాటిన తరువాత కూడా అధికారి దాన్ని పరిష్కరించవచ్చు. ఆధారం లేనివారికి తలుపు మూసుకుంటుంది. అదే సెక్షన్‌లోని 8వ ఉపవిభాగం అధికారికి కూడా ఒక గడువు పెట్టింది. దరఖాస్తు అందిన నెల ముగిసిన నాటినుంచి ఆరు నెలల్లోగా అవునో కాదో తేల్చాలి. నా దరఖాస్తుకు ఆ లెక్కన 2015 ఫిబ్రవరి చివరికి జవాబు రావాలి. వచ్చింది 2022 జనవరిలో. పౌరుడు గడువు దాటితే హక్కు పోతుంది, అధికారి గడువు దాటితే ఏమీ కాదు. చట్టంలో రెండూ గడువులే, ఒకదానికి మాత్రమే పర్యవసానం ఉంది.

ఆ ఏడేళ్ళ నడుమ జరిగింది మరీ బాధ కలిగించే విషయం. పదవీ విరమణ చేశాక వచ్చిన సొమ్మును బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేశాను. వడ్డీ మీద బ్యాంకువారు టీడీఎస్ కోశారు. రిటర్ను వేస్తే రూ.19,240 రిఫండు రావలసి వచ్చింది. 2018 నవంబరులో ఆ రిఫండు మొత్తాన్ని పాత బకాయికి సర్దుబాటు చేశారు. అప్పటికి రూ.17,630 మీద 56 నెలల వడ్డీ రూ.9,856 చేరి బకాయి రూ.27,486 అయింది. నా రూ.19,240 మింగిన తరువాత కూడా ఇంకా రూ.8,246 కట్టాలని చూపింది. నా జీతంలోంచి ఒకసారి కోసి, అదే సొమ్ము కోసం నా డిపాజిట్ వడ్డీలోంచి రెండోసారి కోసి, ఇంకా బాకీ ఉన్నావన్నారు.

రిఫండును సర్దుబాటు చేసే ముందు రాతపూర్వకంగా తెలియజేయాలని అదే 1961 చట్టంలోని 245వ సెక్షన్ చెప్పింది. తెలియజేశామనే వారు అంటారు, అది అబద్ధం కూడా కాదు. ఈమెయిల్ వెళ్ళింది. వెళ్ళింది ఎవరికి? మా వీధి చివర ఇంటర్నెట్ సెంటరులో నా రిటర్ను నింపిన అబ్బాయికి. మాలాంటి వేలాది మంది ఉపాధ్యాయుల, గుమాస్తాల, అంగన్‌వాడీ సూపర్‌వైజర్ల రిటర్నుల్లో ఉండేది ఆ అబ్బాయిల ఈమెయిలే, ఆ అబ్బాయిల ఫోన్ నంబరే. నోటీసు వచ్చేనాటికి అతను సెంటరు మూసి హైదరాబాదు వెళ్ళిపోయాడు. అతన్ని తప్పుపట్టను. నా ఈమెయిల్ నేను పెట్టించుకోకపోవడం నా పొరపాటే. అయితే ఒక మనిషి దగ్గర్నుంచి డబ్బు పట్టుకునే ముందు, ఆమె రాసి ఇచ్చిన అభ్యంతరం నాలుగేళ్ళుగా తమ బీరువాలోనే ఉందని చూసుకోవడం కూడా ఎవరో ఒకరి బాధ్యత కావాలి కదా.

ఇదంతా చట్టం లేక జరిగినది కాదు. అదే నన్ను ఎక్కువగా కలచివేసిన విషయం. శాసనాధికారం లేకుండా ఏ పన్నూ విధించరాదని, వసూలు చేయరాదని రాజ్యాంగం 265వ అధికరణంలో ఒక్క వాక్యంలో చెప్పింది. యజమాని పన్ను మినహాయించాక ఆ మేరకు ఉద్యోగిని నేరుగా మళ్ళీ కట్టమని అడగరాదని 1961 చట్టం 205వ సెక్షన్ నిషేధం విధించింది. 2013 మార్చి 14న ఢిల్లీ హైకోర్టు సరిగ్గా ఇటువంటి బాధితుల గురించే తీర్పు ఇచ్చింది. ఆ కేసు మొదలైంది ఒక చార్టర్డ్ అకౌంటెంట్ న్యాయస్థానానికి రాసిన ఉత్తరంతో. హైకోర్టు దాన్నే వ్యాజ్యంగా స్వీకరించి, మినహాయించినవారు వివరాలు తప్పుగా ఎక్కించినందుకు పన్ను చెల్లించినవారు నష్టపోకూడదని, ముందుగా తెలియజేసి జవాబు పరిశీలించకుండా రిఫండులను పాత బకాయిలకు జమకట్టుకోకూడదని ఆదేశించింది. దాన్ని అనుసరించి కేంద్ర ప్రత్యక్ష పన్నుల మండలి 2013 జులై 8న 5వ నంబరు సూచన జారీ చేసింది. పన్ను చెల్లింపుదారు టీడీఎస్ ధ్రువపత్రంతో వస్తే, ఆ సొమ్ము ప్రభుత్వ ఖాతాకు చేరిందో లేదో అధికారే సరిచూడాలి, చేరి ఉంటే జమ ఇవ్వాలి. నేను కార్యాలయం మెట్లు ఎక్కింది ఆ సూచన వచ్చిన పదమూడు నెలలకు. నాకు దాని సంగతి తెలియదు. నా కాగితాలు తీసుకున్నవారు చెప్పలేదు.

చెప్పాలా అని అడిగేవారికి ఇంకా పాత కాగితం ఒకటి ఉంది. 1955 ఏప్రిల్ 11న ఇదే శాఖ తన అధికారులకు ఒక సర్క్యులర్ పంపింది. పన్ను చెల్లింపుదారుకు తన హక్కులు తెలియకపోవడాన్ని అధికారులు అవకాశంగా తీసుకోకూడదని, అతనికి న్యాయంగా దక్కవలసిన మినహాయింపుల గురించి తామే చెప్పి సాయపడాలని అందులో ఉంది. నేను పుట్టకముందు రాసిన ఆ కాగితాన్ని న్యాయస్థానాలు ఈనాటికీ తీర్పుల్లో ఉదహరిస్తున్నాయి. 2020లో చట్టంలో కొత్త సెక్షన్ చేర్చి, ఆగస్టు 13న ప్రధానమంత్రి చేతుల మీదుగా పన్ను చెల్లింపుదారుల హక్కుపత్రాన్ని విడుదల చేశారు. చెల్లింపుదారును నిజాయితీపరుడిగానే చూస్తామన్నది అందులోని హామీ. నా దరఖాస్తు అప్పటికి ఆరేళ్ళుగా పెండింగులో ఉంది.

నాకు న్యాయం జరిగిన తీరు కూడా చెప్పడం ధర్మం. 2021లో ఆ కార్యాలయానికి కొత్తగా వచ్చిన అధికారి ఒకరు, ఇన్‌వర్డ్ ముద్ర ఉన్న నకలు చూసి, లోపలి రిజిస్టరులో నా దరఖాస్తు నంబరు వెతికించారు. దొరికింది. ట్రెజరీ వోచరు వివరాలు రాయించి సరిచూసుకున్నారు. బకాయి రద్దు చేశారు. 2022 జనవరిలో రూ.19,240 వడ్డీతో సహా నా ఖాతాలో పడింది. ఆయనకు నేను కృతజ్ఞురాలిని. కానీ ఆ పనికి పట్టింది కొద్ది వారాలు. అంతకుముందు గడిచిన ఏడేళ్ళలో ఎప్పుడైనా అదే పని జరగవచ్చు. ఆయన బదిలీ మీద రాకపోయి ఉంటే ఇప్పటికీ జరిగేది కాదేమో. ఒక పౌరురాలికి హక్కుగా రావలసినది ఒక అధికారి మంచితనం మీద ఆధారపడకూడదు.

వడ్డీ సంగతి కూడా విడిగా చెప్పుకోవాలి. నేను బాకీ ఉన్నానని అనుకున్నప్పుడు నా నుంచి లెక్కగట్టిన వడ్డీ నెలకు ఒక శాతం. నా సొమ్ము వారి దగ్గర ఉండిపోయిన 46 నెలలకు నాకు ఇచ్చినది నెలకు అర శాతం, మొత్తం రూ.4,416. అదే రేటు నాకూ వర్తింపజేస్తే రూ.8,832 రావాలి. పైగా ఆ రూ.4,416 నా ఆదాయమట, మరుసటి రిటర్నులో చూపి దానిపైనా పన్ను కట్టాలి. చట్టం అలాగే ఉంది, కట్టాను. ఎంతో ఆలస్యంగా సొమ్ము వాపసు చేసిన సందర్భంలో పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2006లో ఒక పెద్ద కంపెనీ కేసులో తీర్పు చెప్పింది. ఆ తీర్పును విస్తరించి చూడకూడదని, చట్టంలో రాసిన వడ్డీకి మించి అడగరాదని 2013లో అదే న్యాయస్థానం స్పష్టం చేసింది. కాబట్టి ఇది న్యాయమూర్తులు మార్చగలిగేది కాదు. పార్లమెంటు మార్చాలి. రెండు వైపులా ఒకే వడ్డీ రేటు పెడితే ఆలస్యం ఖజానాకు కూడా భారమవుతుంది, అప్పుడు ఫైలు దానంతటదే కదులుతుంది. ఇది ఎనిమిదో తరగతి బారువడ్డీ లెక్క.

‘అప్పీలుకు ఎందుకు వెళ్ళలేదు?’ అని అడిగిన మిత్రులున్నారు. వెళ్ళవచ్చు. ఇంటిమేషన్ మీద కూడా ముప్ఫై రోజుల్లో అప్పీలు చేసే హక్కు ఉంది. నా ఆదాయం ఉన్నవారికి అప్పీలు రుసుము వెయ్యి రూపాయలు, ఫారం నింపి వాదన రాసే ఆడిటరు గారి ఫీజు దానికి ఎన్నో రెట్లు. అప్పీలు తేలేలోగా వసూలు ఆపాలంటే మామూలుగా బకాయిలో ఇరవై శాతం ముందే కట్టమంటారు. అప్పీలు వేసిన ఆర్థిక సంవత్సరం ముగిశాక వీలైనంతవరకు ఏడాదిలోగా తేల్చాలని చట్టం సూచించినా, లక్షల అప్పీళ్ళు వరుసలో ఉన్నాయి. చిన్న అప్పీళ్ళ కోసం సుమారు వందమంది జాయింట్ కమిషనర్లను నియమిస్తామని 2023 బడ్జెట్‌లో చెప్పారు, మంచి ఆలోచనే. కానీ పదిహేను వేల రూపాయల కోసం, అదీ ఎవరో ఒక అక్షరం తప్పు కొట్టినందుకు, అప్పీలు దాకా వెళ్ళాల్సి రావడమే అన్యాయం. చాలామంది లెక్కవేసుకుని, ‘పోనీలే’ అని రెండోసారి పన్ను కట్టేస్తారు. నాతో పనిచేసిన ఇద్దరు ఉపాధ్యాయులు అలాగే కట్టేశారు. ఆ సొమ్ము వసూళ్ళ లెక్కల్లోకి చేరిపోయింది, తప్పు ఎక్కడా నమోదు కాలేదు.

ఇటువంటి బకాయిలు ఎన్నో ఉన్నాయని ప్రభుత్వమే ఒప్పుకుంది. 2024 ఫిబ్రవరి 1న మధ్యంతర బడ్జెట్ ప్రసంగంలో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ గారు, సరిచూడని, లెక్క కుదరని, వివాదంలో ఉన్న చిన్న చిన్న బకాయిలు 1962 నాటివి కూడా ఇంకా పుస్తకాల్లో ఉన్నాయని, అవి నిజాయితీగా పన్ను కట్టేవారిని ఆందోళనకు గురిచేస్తున్నాయని, తరువాతి సంవత్సరాల రిఫండులకు అడ్డుపడుతున్నాయని చెప్పారు. 2009-10 వరకు రూ.25,000 లోపు, 2010-11 నుంచి 2014-15 వరకు రూ.10,000 లోపు బకాయిలను ఉపసంహరిస్తున్నట్టు, దాదాపు కోటి మందికి మేలు జరుగుతుందని ప్రకటించారు. మనస్ఫూర్తిగా స్వాగతించవలసిన నిర్ణయం. అయితే ఆ ఉపసంహరణ నాటికి పుస్తకాల్లో మిగిలివున్న బకాయిలకే వర్తించింది. అంతకుముందే రిఫండులోంచి పట్టుకున్న సొమ్ము తిరిగి రాదు. మా సహోద్యోగి ఒకాయనకు ఇటువంటిదే రూ.8,700 బకాయి ఉండేది, 2019లో రిఫండులోంచి పట్టేశారు. ఆయన కాగితాలు పట్టుకుని తిరిగితే, ఉన్న బకాయినే రద్దు చేశారు, పోయిన సొమ్ము ఇవ్వడానికి వీలులేదన్నారు. కట్టకుండా ఉండిపోయినవారికి ఊరట దక్కింది, పట్టుబడినవారికి దక్కలేదు. ఆయనకు ఏమని సమాధానం చెప్పాలో నాకు తోచలేదు.

తప్పు ఎప్పుడూ టైపు కొట్టేవారిదే కావాలని లేదు, సాఫ్ట్‌వేరుది కూడా కావచ్చు. 2024 జులైలో రిటర్నులు వేసే గడువు మధ్యలో సాఫ్ట్‌వేరు మార్చి, కొన్ని రకాల ఆదాయం ఉన్నవారు 87ఏ సెక్షన్ రిబేటు, అంటే తక్కువ ఆదాయం ఉన్నవారికి ఇచ్చే పన్ను తగ్గింపు, అడగడానికే వీలు లేకుండా చేశారు. ఆ రిబేటు వారికి వర్తిస్తుందా లేదా అన్నది వేరే చర్చ. అడిగే అవకాశాన్నే సాఫ్ట్‌వేరు ద్వారా మూసేయకూడదని బొంబాయి హైకోర్టు 2025 జనవరిలో తీర్పు చెప్పింది. నా రెండు రెక్టిఫికేషన్లనూ తిప్పికొట్టిన యంత్రం గురించి కూడా నేను అడిగేది అదే. నా ఫారం-16 ఎక్కించడానికి అందులో ఒక గడి ఉండాలి, ఆ గడిని చూసే మనిషి ఒకరు ఉండాలి.

ఇప్పుడు ఈ లేఖ రాయడానికి తక్షణ కారణం వేరే ఉంది. తప్పుగా ఎక్కించిన టీడీఎస్ వివరాలను యజమాని సవరించుకోవడానికి ఒకప్పుడు కాలపరిమితి ఉండేది కాదు. 2024లో చట్టం సవరించి దాన్ని ఆరేళ్ళకు పరిమితం చేశారు. 2007-08 నుంచి 2018-19 వరకు పాత సంవత్సరాల సవరణలకు 2025 మార్చి 31తో తలుపు మూశారు. 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త ఆదాయపు పన్ను చట్టంలో ఈ వ్యవధిని రెండేళ్ళకు కుదించారు. యజమానులను త్వరపెట్టాలన్న ఉద్దేశం మంచిదే. కానీ పాఠశాలల్లో, మండల కార్యాలయాల్లో, ఆసుపత్రుల్లో ఏం జరుగుతుందో తెలిసినవారు ఒకసారి ఆలోచించాలి. జీతాల బిల్లు మీద సంతకం చేసే డీడీవో రెండేళ్ళలో బదిలీ అయిపోతారు. టీడీఎస్ పోర్టల్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉందో కొత్తవారికి తెలియదు. వివరాలు ఎక్కించేది బయటి మనిషి. ఉద్యోగికి తప్పు తెలిసేది ఇంటిమేషన్ వచ్చాక, లేదా నాలాగా రిఫండు పోయాక. అప్పటికి యజమాని దిద్దాలన్నా వీలుండదు. ఉద్యోగి చేతిలో మాత్రం జీతంలోంచి పన్ను కోశామని అదే ప్రభుత్వం ఇచ్చిన ఫారం-16 ఉంటుంది. అటువంటప్పుడు 2013 నాటి 5వ నంబరు సూచన ఒక్కటే ఆధారం. దాన్ని అధికారులు తప్పనిసరిగా పాటించేలా చేయకపోతే, రాబోయే సంవత్సరాల్లో రెండుసార్లు పన్ను కట్టేవారి సంఖ్య పెరుగుతుందని నా భయం.

అందుకని కేంద్ర ప్రత్యక్ష పన్నుల మండలిని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. మినహాయించినది ప్రభుత్వ కార్యాలయమే అయినప్పుడు, సొమ్ము జమ అయిందో లేదో ట్రెజరీతో సరిచూసే పనిని పింఛనుదారు నెత్తిన పెట్టకుండా శాఖే చేయాలి. రెండూ ప్రభుత్వ వ్యవస్థలే, ఒకదాని కాగితం ఇంకొకదానికి చూపించడానికి డెబ్భై ఏళ్ళ మనిషి బస్సెక్కి తిరగవలసిన అవసరం ఏమిటి? రెక్టిఫికేషన్ దరఖాస్తు ఆరు నెలల్లో తేలకపోతే ఆ బకాయిపై వడ్డీ పెరగడం ఆగిపోవాలి, తేలేదాకా దానికోసం ఏ రిఫండునూ ముట్టుకోకూడదు. దీనికి కొత్త చట్టం కూడా అవసరం లేదనుకుంటాను, బకాయి పక్కన ‘అభ్యంతరం పెండింగు’ అన్న గుర్తు కంప్యూటరులో కనిపించి, ఆ గుర్తు ఉన్నంతవరకు సర్దుబాటు జరగకుండా చేస్తే చాలు.

మరొకటి, ఫిర్యాదు వినేవారి సంగతి. 2003లో ఆదాయపు పన్ను అంబుడ్స్‌మన్ వ్యవస్థను ఏర్పాటు చేశారు. ఫిర్యాదులు బాగా తగ్గిపోయాయని, ఆన్‌లైన్ మార్గాలు వచ్చాయని చెప్పి 2019 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం దాన్ని రద్దు చేసింది. ఫిర్యాదులు తగ్గింది సమస్యలు తీరినందువల్లనా, అటువంటి కార్యాలయం ఒకటుందని జనానికి తెలియకపోవడం వల్లనా? నా 33 ఏళ్ళ ఉద్యోగంలో దాని పేరు ఒక్కసారి కూడా వినలేదు. ఇప్పుడున్న ఆన్‌లైన్ ఫిర్యాదుల్లో మనం రాసింది తిరిగి తిరిగి ఏ అధికారి మీద ఫిర్యాదు చేశామో ఆయన బల్ల మీదికే చేరుతుంది, ‘దరఖాస్తు పరిశీలనలో ఉంది’ అన్న ఒక వాక్యంతో మూసేస్తారు. నాకు రెండుసార్లు అలాగే మూశారు. వసూళ్ళతో సంబంధం లేని ఒక స్వతంత్ర అధికారి, తెలుగు రాష్ట్రాల్లో అయితే తెలుగులో రాసిన ఫిర్యాదును తెలుగులోనే తీసుకుని, గడువులోగా ఉత్తర్వు ఇచ్చే అధికారంతో ఉండాలి. చిన్న మొత్తాల వివాదాల్లో తప్పు శాఖదేనని తేలితే ఖర్చుల కింద కొంత సొమ్ము ఇప్పించే అధికారం కూడా ఆయనకు ఉండాలి.

ఇవన్నీ జరిగేదాకా తోటి ఉద్యోగులకు, పింఛనుదారులకు నేను చెప్పగలిగింది కొంత ఉంది. ఫిబ్రవరి జీతం వచ్చాక జూన్‌లో ఒకసారి 26ఏఎస్ తెరిచి నాలుగో త్రైమాసికం గడి చూసుకోండి. తప్పుంటే అప్పుడే డీడీవో గారికి రాసి ఇవ్వండి, అప్పటికి వారింకా బదిలీ అయి ఉండరు. ఆదాయపు పన్ను పోర్టల్లో మీ సొంత ఈమెయిల్, మీ ఇంట్లోవారి ఫోన్ నంబరు పెట్టించుకోండి. బకాయి చూపించి ఒప్పుకుంటారా అని పోర్టల్ అడిగినప్పుడు, పని త్వరగా అయిపోతుందని సెంటరులో ‘బకాయి సరైనదే’ అని నొక్కనివ్వకండి. ఒకసారి సరైనదే అని ఒప్పుకుంటే తరువాత కాదనడానికి వీలుండదు. ఏ కాగితం ఇచ్చినా నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి.

పోయిన వారం మా పాత పాఠశాలలో అటెండరుగా చేసి విరమించిన ఒకావిడ నా దగ్గరికి వచ్చారు. రూ.6,340 బకాయి అని ఆమెకు నోటీసు. ప్లాస్టిక్ సంచిలో మడతపెట్టి తెచ్చుకున్న ఫారం-16లో ఆ సొమ్ము కోసినట్టు స్పష్టంగా ఉంది. మరునాడు ఇద్దరం కలిసి వెళ్ళి దరఖాస్తు ఇచ్చాం, దానికి 2013 నాటి సూచన ప్రతి జతచేశాం. నకలు మీద ముద్ర పడేదాకా నేనూ అక్కడే నిలబడ్డాను. ఆరు నెలల గడువు ఆ నెలాఖరు నుంచి మొదలవుతుందని ఆమెకు లెక్కగట్టి చెప్పి, ఆ తేదీని సంచి మీదే పెన్నుతో రాసి ఇచ్చాను.

ఇట్లు,
ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయురాలు